చలి తెలియని తలకు టోపీ

న్యూఢిల్లీలో బహదూర్ షా జఫర్ మార్గ్‌లో శంకర్ అంతర్జాతీయ బొమ్మల ప్రదర్శనశాల ఉన్నది. ప్రఖ్యాత వ్యంగ్య చిత్రకారుడు కె. శంకర్ పిళ్ళై దేశదేశాలనుంచి సేకరించిన బొమ్మలతో 1965లో అది ఏర్పడింది. అద్దాల బీరువాల ముందు నడిచే సందర్శకుడికి బొమ్మ ఏ దేశానిదో దాని ముఖం కంటే ముందు దాని దుస్తులు చెబుతాయి. ఆ దుస్తులలోనూ తలమీది పాగా, ముసుగు, టోపీ ముందుగా చెబుతాయి. బొమ్మకు ఎండ తగలదు, చలి వేయదు. అయినా తలను కప్పకుండా దాన్ని లోకంలోకి పంపడానికి దాన్ని చేసిన చేతులు ఒప్పుకోలేదు. బొమ్మ తలకు టోపీ ఎందుకన్నది పైకి పసిపిల్లలు వేసే ప్రశ్నలా కనిపిస్తుంది. కాని అవసరం లేనిచోట చూపే శ్రద్ధకు విలువ ఉన్నదా, ఉంటే ఆ విలువ ఎవరికి చెందాలి అన్న నైతిక ప్రశ్న దానిలో ఇమిడి ఉన్నది.

బొమ్మల టోపీలలో అతి సామాన్యమైనది, ఓపిక ఉంటే ఇంట్లో ఎవరైనా చేయగలిగినది, గుండ్రటి చట్రంమీద అల్లే ఊలు టోపీ. ఆంగ్ల భాషలో ఈ చట్రాన్ని కూడా మగ్గమనే అంటారు. మగ్గం అనగానే తెలుగు పాఠకుడికి పడుగు, పేక, నాడె గుర్తుకు వస్తాయి. ఇక్కడ అవేవీ లేవు. అరచేయంత వలయం, దాని అంచున వరసగా నిలిచిన మేకులు, ఒక ఊలు ఉండ, ఒక కొక్కెం: ఇంతే సామగ్రి. ప్రతి మేకుకూ ఊలుపోగును ఒకసారి చుట్టుకుంటూ వలయమంతా తిరగాలి. మరొకసారి తిరిగేసరికి ప్రతి మేకుమీద రెండు చుట్లు నిలుస్తాయి. అప్పుడు కింది చుట్టును కొక్కెంతో ఎత్తి, పై చుట్టు మీదుగా మేకు తల దాటించి, వలయం లోపలి వైపు వదలాలి. వదిలిన చుట్టు ఉచ్చుగా మారి తన పైదాన్ని పట్టుకుంటుంది. వరసలు పెరిగినకొద్దీ వలయం అడుగునుంచి అల్లిక గొట్టంలా దిగుతుంది. కొన్ని వరసలయ్యాక మొదటి వరసను పైకి తెచ్చి మేకులకు తగిలిస్తే మడత అంచు ఏర్పడుతుంది. చివర పోగును సూదితో ఉచ్చులన్నిటిలోనుంచి దూర్చి బిగించి లాగితే నడినెత్తి మూసుకుంటుంది. టోపీ పూర్తి అవుతుంది.

24 మేకుల చట్రంమీద ముప్పై వరసల టోపీ అల్లితే కొక్కెం 720 సార్లు లేవాలి. ఆ 720లో ఒక్కటి జారినా ఆ చోట అల్లిక నిచ్చెన మెట్లలా విడిపోతూ పోతుంది. పెద్దవారి టోపీలో ఒక వదులు ఉచ్చు చుట్టుపక్కల వాటిలో కలిసిపోతుంది. బొమ్మ టోపీలో అదే వదులు చెంపంత వెడల్పున కనిపిస్తుంది. తల చిన్నదైనంత మాత్రాన ఊలుపోగు సన్నబడదు గదా! అందువల్ల కొలత తగ్గినకొద్దీ తప్పు పెద్దదవుతుంది. చిన్నపని అన్న మాట పరిమాణానికి వర్తించవచ్చునేమో గాని శ్రద్ధకు వర్తించదు.

ఈ పనిలో మరొక విశేషం సాక్షి లేకపోవడం. టోపీ పెట్టుకునే తల ఫిర్యాదు చేయదు. బిగుతైతే నొప్పి అనదు, వదులైతే జారిందని చెప్పదు. తప్పు లోపలి వైపున ఉంటే చూసేవారెవరూ ఉండరు. అయినప్పటికీ మంచి చేయి ఆగుతుంది. నాలుగు వరసలు విప్పి మళ్ళీ మొదలుపెడుతుంది. ఒకే పోగుతో సాగే అల్లికకు ఈ వెసులుబాటు ఉన్నది. కొస పట్టి లాగితే అల్లినదంతా కరిగి, పోగు చెక్కుచెదరకుండా తిరిగి ఉండలోకి వస్తుంది. ఊలు నష్టపోదు. నష్టపోయేది గడిచిన గంట ఒక్కటే. ఎవరూ అడగని ఆ గంటను రెండోసారి ఇవ్వడానికి సిద్ధపడటమే ఇక్కడి పరీక్ష. చూసేవారున్నప్పుడు సక్రమంగా చేసే పనిలో భయమెంత, మర్యాద ఎంత, మనస్సాక్షి ఎంత అన్నది తేల్చడం కష్టం. బొమ్మ టోపీ దగ్గర మొదటి రెండూ లేవు. అక్కడ మిగిలేది మూడవది మాత్రమే.

దీనికి బలమైన ఆక్షేపణ ఉన్నది. నిజంగా చలికి వణికే తలలు లోకంలో ఉండగా చలి తెలియని తలకు టోపీ అల్లడం ఊలునూ కాలాన్నీ వృథా చేయడం కాదా? దీన్ని తేలికగా తోసివేయడానికి వీలులేదు. నెలలు నిండకుండా పుట్టిన శిశువుకు శరీరంతో పోలిస్తే తల పెద్దది. కప్పకుండా వదిలితే వేడి అక్కడినుంచి వేగంగా పోతుంది. కొలంబియా రాజధాని బొగొటాలో 1970ల చివర మొదలై నేడు అనేక దేశాలలో అనుసరిస్తున్న ‘కంగారూ సంరక్షణ’లో బిడ్డను తల్లి రొమ్ముకు హత్తుకొని ఉంచుతారు. ఆ స్థితిలో బిడ్డ ఒంటిమీద ఉండవలసిన కొద్దిపాటి వస్త్రాలలో టోపీ ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ప్రచురించిన మార్గదర్శిక కూడా దాన్ని పేర్కొన్నది. ఒక టోపీ ఒక ప్రాణానికి అండగా నిలిచే చోటు అది. దాని పక్కన బొమ్మ టోపీ విలాసంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఈ ఆక్షేపణకు సాధారణంగా చెప్పే సమాధానం అభ్యాసం. బొమ్మమీద నేర్చిన చేయి రేపు బిడ్డకు పనికివస్తుందని అంటారు. ఇందులో నిజమున్నది. ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్ 1693లో వెలువరించిన విద్యావిషయక గ్రంథంలో పిల్లల ఆటవస్తువులను కొని ఇవ్వకుండా వారిచేతనే చేయించాలని సూచించాడు. కోరికకూ వస్తువుకూ మధ్య శ్రమ ఉన్నదని పిల్లలు తెలుసుకోవాలన్నది దానిలోని ఆంతర్యం. తెలుగు ఇళ్ళలో బొమ్మల పెళ్ళిళ్ళు చేసిన తరాలవారు పాతచీరల అంచులు కత్తిరించి పెళ్ళికూతురు బొమ్మకు చీర కట్టడంలోనే సూదీ దారమూ పట్టడం నేర్చుకున్నారు. ఈ దృష్టితో చూస్తే బొమ్మ ఒక పలక. రాసి తుడిచి మళ్ళీ రాయడానికి అది పనికివస్తుంది.

కాని ఈ సమాధానం సగమే నిలుస్తుంది. బొమ్మ పలక మాత్రమే అయితే అక్షరాలు వచ్చాక పలకను పక్కనపెట్టినట్లు పని వచ్చాక బొమ్మను పక్కన పెట్టాలి. లోకంలో అలా జరగడం లేదు. చేయి తిరిగినవారు, పిల్లలు పెద్దవారై దూరప్రాంతాలకు వెళ్ళిపోయినవారు, ఇక నేర్చుకోవలసినదేమీ లేనివారు కూడా బొమ్మలకు టోపీలు అల్లుతూనే ఉన్నారు. వారు దేనికోసం అభ్యసిస్తున్నట్లు?

జపాన్‌లో దారుల పక్కన, ఆలయాల ముంగిళ్ళలో చిన్న చిన్న రాతి ప్రతిమలు కనిపిస్తాయి. వాటిని జిజో అంటారు. భారతదేశంలో పుట్టిన క్షితిగర్భ బోధిసత్వుని భావన చైనా మీదుగా ఆ దేశం చేరి, ప్రయాణికులకూ పసిపిల్లలకూ రక్షకుడైన జిజోగా స్థిరపడింది. ఆ రాతి తలలకు ఎర్రని ఊలు టోపీలు, మెడలో ఎర్రని గుడ్డలు కడతారు. వాటిలో అనేకం కడుపులోనే పోయిన బిడ్డల కోసం, పుట్టి నిలవని బిడ్డల కోసం తల్లిదండ్రులు సమర్పించుకున్నవి. ఆ టోపీ అల్లిన తల్లికి రాతికి చలి వేయదని తెలియదా? తెలుసు. తన బిడ్డకు ఇక టోపీ అక్కరలేదనీ తెలుసు. అక్కర తీరిపోయినా ప్రేమ తీరిపోలేదు. దానికి చేతులు కావాలి, ఒక కొలత కావాలి, ఒక తల కావాలి. ఆ తల్లి ముందు నిలిచి ఊలు వృథా అయిందని అనగలవారు ఎవరైనా ఉంటే, వారి లెక్కలో ఏదో ఒక గడి లోపించి ఉంటుంది.

అదే దేశంలో ప్రచారంలో ఉన్న ఒక జానపద కథ ఈ విషయాన్ని మరొక వైపునుంచి చెబుతుంది. ఒక పేద వృద్ధుడు సంవత్సరాంతంలో గడ్డి టోపీలు అమ్ముకోవడానికి సంతకు వెళతాడు. ఒక్కటీ అమ్ముడుపోదు. తిరుగుదారిలో మంచు కురుస్తుంటే ఆరు జిజో ప్రతిమలు తలలమీద మంచుతో నిలిచి ఉంటాయి. అతడు తన టోపీలన్నీ వాటికి తొడుగుతాడు. ఆరవదానికి టోపీ చాలదు. తన తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి దానికి కడతాడు. ఆ రాత్రి ప్రతిమలే అతని ఇంటికి ఆహారం మోసుకువస్తాయి. కథ వినేవారికి ఆ ప్రతిఫలమే గుర్తుంటుంది. కాని నైతికంగా కథ అంతకుముందే ముగిసింది. టోపీలు చాలనప్పుడు ఒక తలను వదిలివేయవచ్చునన్న ఆలోచన ఆ వృద్ధుడికి రాలేదు. రాతికి చలి ఉన్నదా లేదా అని అతడు విచారించలేదు. ఎదుట ఒక తల ఉంది, దానిమీద మంచు ఉంది. అది చాలునని అనుకున్నాడు. ఉత్తర భారతదేశంలో చలికాలం రాగానే ఇంటిలోని లడ్డూ గోపాలుని ఇత్తడి మూర్తికి ఊలు చొక్కా, బొటనవేలంత టోపీ తొడిగే గృహిణి మనసు కూడా ఇటువంటిదే.

మొదటి ఆక్షేపణకు అసలు సమాధానం ఇక్కడ లభిస్తుంది. బొమ్మ టోపీకి వాడే 24 మేకుల చట్రమే నెలతక్కువ శిశువు టోపీకి కూడా సరిపోతుంది. పోగు మరికొంత మెత్తనిది కావాలి, అంతే. అల్లిన రెండు టోపీలు బల్లమీద పక్కపక్కన పెడితే ఏది బొమ్మకో, ఏది బిడ్డకో చెప్పడం కష్టం. అలా చెప్పలేకపోవడమే కావలసినది కూడా. పుచ్చుకునేవారి స్థాయిని బట్టి శ్రద్ధను పెంచీ తగ్గించీ కొలిచే అలవాటు పడిన చేయి, బిడ్డ దగ్గరకు వచ్చేసరికి హఠాత్తుగా మారదు. ఏ బిడ్డ, ఎవరి బిడ్డ అని అక్కడా విచారిస్తుంది. చలి తెలియని తలకు కూడా తక్కువ చేయని చేయి ఆ విచారణను మరచిపోయి ఉంటుంది. శ్రద్ధ అన్నది అవసరానికి చెల్లించే బాకీ కాదు. అది చేసేవారి స్వభావం. బొమ్మ దాన్ని నేర్పడమే కాదు, ఉన్నదో లేదో బయటపెడుతుంది కూడా.

ఇంతవరకు చెప్పినది నిజమైతే, దాని నీడలోనే ఒక ప్రమాదం పొంచి ఉన్నది. ప్రతిఫలం కోరని శ్రమను పొగడటం తేలిక. ఆ పొగడ్త చాటున ఇతరుల శ్రమకు ప్రతిఫలం ఎగవేయడం ఇంకా తేలిక.

ఈ అల్లిక చట్రానికి ఒక పెద్ద బంధువు ఉన్నది. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ ప్రాంతంలో విలియం లీ అనే క్రైస్తవ మతాచార్యుడు 1589లో మేజోళ్ళు అల్లే యంత్రాన్ని నిర్మించాడు. ప్రతి ఉచ్చుకూ ఒక సూది, సూది తల దాటి ఉచ్చు జారడం: పిల్లల చేతి చట్రంలోనూ ఆ యంత్రంలోనూ ఉన్నది దాదాపు ఒకే కిటుకు. ఒకటి ఇంటి మూల ఆటగా మిగిలింది, రెండవది పరిశ్రమ అయింది. రెండు శతాబ్దాల తరువాత 1811లో అదే ప్రాంతపు అల్లిక పనివారు రాత్రివేళ చట్రాలు పగులగొట్టారు. వారినే చరిత్ర లుడ్డైట్లు అన్నది. వారు యంత్రాన్నే ద్వేషించారని తరచుగా అంటారు గాని, ఆ యంత్రంమీదనే వారి తాతముత్తాతలు బతికారు. వారి ఫిర్యాదు తరిగిన కూలిమీద. అంతేకాదు, కాలి ఆకృతికి తగినట్లు అల్లకుండా వెడల్పాటి అల్లికను కత్తిరించి కుట్టి, త్వరగా విడిపోయే నాసిరకం మేజోళ్ళను బజారుకు పంపడంమీద కూడా. పనిలోని నాణ్యతా, పనికి తగిన కూలీ వారికి రెండు వేర్వేరు విషయాలు కావు. 1812లో చట్రాలు పగులగొట్టడాన్ని మరణశిక్ష విధించదగిన నేరంగా శాసనం చేశారు. కవి బైరన్ ప్రభువుల సభలో తన తొలి ప్రసంగాన్ని ఆ శాసనానికి వ్యతిరేకంగానే చేశాడు.

తెలుగునేలమీద దీనికి మరింత దగ్గరి ఉదాహరణ నరసాపురం. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆ పట్టణం చుట్టుపక్కల గ్రామాలలో స్త్రీలు కొక్కెపు సూదితో దారపు లేసు అల్లుతారు. చట్రం లేదు గాని పని తీరు దూరమైనది కాదు: ఒకే పోగు, ఒకే కొక్కెం, ఉచ్చులోనుంచి ఉచ్చు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఆ ప్రాంతానికి వచ్చిన ఈ విద్య ఇళ్ళలో వ్యాపించి, విదేశీ మార్కెట్లకు చేరే సరుకు అయింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ స్త్రీల జీవితాన్ని పరిశీలించి 1982లో ఒక గ్రంథం ప్రచురించారు. ఆమె చూపిన విషయం సూటిగా ఉన్నది. ఆ స్త్రీలు దినంలో చాలా గంటలు లేసు అల్లుతున్నా వారిని కార్మికులుగా కాక గృహిణులుగానే లెక్కించారు. వారి పనిని తీరిక వేళల కాలక్షేపం అన్నారు. కాలక్షేపమన్న పేరు పెట్టిన తరువాత దానికి వ్యవసాయ కూలి కంటే తక్కువ ఇవ్వడం ఎవరికీ అన్యాయంగా తోచలేదు. లాభం మాత్రం ఎగుమతి వ్యాపారులకు చేరింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. ఊరి పేరుకు గుర్తింపు రావడం హర్షించదగినదే. ఆ పేరు వెనుక ఉన్న చేతులకు దక్కేది కూడా ఆ గుర్తింపుకు తగినట్లు ఉండాలన్నది దానిలోనే ఇమిడి ఉన్న బాధ్యత.

కాలక్షేపం అన్న మాట ఒకచోట గౌరవం, మరొకచోట మోసం. బొమ్మకు టోపీ అల్లే స్త్రీ దాన్ని కాలక్షేపమని తానే అంటే, అది ఆమె స్వేచ్ఛకు గుర్తు. లేసు అల్లే స్త్రీ పనిని కాలక్షేపమని మరొకరు అంటే, అది ఆమె కూలిలో కోత. మాట ఒకటే. ఎవరు అన్నారన్నదే ధర్మాన్ని నిర్ణయిస్తుంది.

భారతీయ చింతనలో ఫలాపేక్ష లేని కర్మకు అత్యున్నత స్థానమున్నది. ఆ ఆదర్శాన్ని సరిగా అర్థం చేసుకోవడానికి కూడా ఈ చిన్న టోపీ తోడ్పడుతుంది. ఫలాన్ని వదులుకోవడానికి ముందు ఆ ఫలంమీద హక్కు ఉండాలి. హక్కు లేనివారు వదులుకునేది ఏమీ ఉండదు, వారినుంచి తీసుకునేదే ఉంటుంది. నిష్కామత్వం ఎవరికి వారు విధించుకోవలసిన నియమం. యజమాని పనివానికి, వ్యాపారి అల్లికదారుకు, ఇంటిలోని పురుషుడు స్త్రీకి విధించదగిన నియమం కాదు. తనకు రావలసినదాన్ని తానుగా విడిచిపెట్టిన చేయి పవిత్రమైనది. ఇతరులకు ఇవ్వవలసినదాన్ని అట్టిపెట్టుకొని వారి త్యాగాన్ని కొనియాడే నోరు అటువంటిది కాదు.

ఈ రెంటినీ వేరుచేయడానికి పెద్ద సిద్ధాంతం అక్కరలేదు. అల్లుతున్నవారు పనిని మధ్యలో ఆపి పక్కన పెట్టగలరా అని అడిగితే చాలు. ఆ రాత్రి ఇంటిలో పొయ్యి వెలగడం ఆ పనిమీద ఆధారపడి ఉంటే అది కాలక్షేపం కాదు. దానికి వెల ఉన్నది, ఆ వెల పూర్తిగా చెల్లించాలి. చేతికళల ప్రోత్సాహానికి పథకాలు రచించేవారూ, కుటుంబ వివరాల పత్రంలో వృత్తి అన్న గడి నింపేవారూ ఈ ప్రశ్నను గుర్తుంచుకుంటే, ‘గృహిణి’ అన్న ఒక్క మాటతో ఆ గడి ముగిసిపోదు. పనిని నిజంగా ఆపగలిగినవారు ఆపకుండా సాగిస్తే, అప్పుడు దాన్ని వెలతో కొలవడం అవివేకమవుతుంది. బొమ్మ టోపీని బజారులోని యంత్రపు టోపీతో పోల్చి, ఇంత తక్కువకు దొరికేదానికి ఇంత శ్రమ దేనికని అడగటం ఆ అవివేకమే.

ఇవి రెండు వేర్వేరు న్యాయాలుగా కనిపించినా మూలం ఒకటే. వెల కోరని పనిని వెలతో కొలవడం, వెల రావలసిన పనిని ప్రేమ పేరిట ఉచితంగా తీసుకోవడం, ఈ రెండూ చేసేవారిని చూడకపోవడంవల్లనే జరుగుతాయి. నడినెత్తి మూసి, పోగు బిగించి, కొస కత్తిరించే ముందు అల్లినవారు టోపీని ఒకసారి లోపలి వైపుకు తిప్పి చూస్తారు. ఎవరూ చూడని వైపు అది. పని విలువను నిర్ణయించవలసినవారు కూడా ముందుగా చూడవలసినది ఆ వైపే.